మత్తడి దూకితే చెరువు ఖాళీ అయినట్టా?

"రాత్రి నుంచి మీ బావ కాళ్లు ఒకటే గుంజుకుంటున్నయ్ తమ్మీ. రేపటికల్లా జరం వస్తది సూడు."

అక్క ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నాకు అర్థం కాలేదు. కాళ్లు గుంజుకోవడానికీ జ్వరానికీ ఏమిటి సంబంధం అని అడిగాను. మర్నాడు సాయంత్రానికి బావకు చలితో వణికిస్తూ జ్వరం వచ్చింది. రెండు రగ్గులు కప్పినా మంచం ఊగిపోతోందట. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అన్నారు ఆస్పత్రిలో. ఆ ఏడాదిలో అది నాలుగోసారి.

బావ గీత కార్మికుడు. నల్లగొండ వైపు మా ఊళ్లో తాడిచెట్టు మీద మోకు జారి పడ్డాడు. వెన్నుపాము ఛాతీ భాగంలో పదో మెట్టు దగ్గర, డాక్టర్లు టీ10 అంటారు, అక్కడ నలిగిపోయింది. బొడ్డు కింద స్పర్శ లేదు, కాళ్లు ఆయన మాట వినవు. మన దేశంలో వెన్నుపాము దెబ్బలకు రోడ్డు ప్రమాదాలతో పాటు ఎత్తు నుంచి పడటం ఒక పెద్ద కారణం. చెట్టు మీంచి, కడుతున్న స్లాబు మీంచి, పూడిక తీస్తున్న బావిలోకి. తెలంగాణలో 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలైంది. రావలసినవే, చాలా ఆలస్యంగా వచ్చినవి. అప్పటికే పడిపోయినవాళ్ల ఇళ్లలో బతుకు ఇంకో దారిన నడుస్తోంది.

అలాంటి మనిషిని చూడటానికి వచ్చినవాళ్లంతా కాళ్ల గురించే అడుగుతారు. "మళ్ల నడుస్తడా?" అంటారు. మూత్రం సంగతి ఎవరూ అడగరు, ఇంట్లోవాళ్లూ సిగ్గుపడి చెప్పరు. కానీ ఆ ఇంట్లో తెల్లవారుజామున లేవడం, పొలానికి వెళ్లి రావడం, పెళ్లికి వెళ్లాలా మానాలా అన్నది, నెలకు మందుల షాపులో ఎంత అప్పు అన్నది, అన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

ఇన్‌ఫెక్షన్ ఇన్ని సార్లు ఎందుకొస్తోందని నేను మొదట సూక్ష్మజీవులనే తిట్టుకున్నాను. "చేతులు సరిగ్గా కడుక్కుంటున్నావా అక్కా?" అని అడిగి ఆమె మనసు కష్టపెట్టాను కూడా. తర్వాత డాక్టర్లను అడిగి, దొరికినదల్లా చదివి తెలుసుకున్నదేమిటంటే, ఈ కథలో అసలు దోషి నిలిచిపోయిన మూత్రం. సూక్ష్మజీవి దాన్ని వెతుక్కుంటూ వచ్చేది మాత్రమే.

మూత్రాశయానికి ఉన్నవి రెండే పనులు. నింపుకోవడం, ఖాళీ చేయడం. మన చెరువులాంటిదే. చుట్టూ కండర గోడ, కింద తూము. నింపుకునేటప్పుడు గోడ వదులుగా సాగుతుంది, తూము బిగుసుకుని ఉంటుంది. 400, 500 మిల్లీలీటర్ల దాకా చేరినా లోపల ఒత్తిడి పెద్దగా పెరగదు. పోసేటప్పుడు వరస తారుమారు అవుతుంది. ముందు తూము తెరుచుకుంటుంది, ఆ వెంటనే గోడ నొక్కుతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిసి రావాలంటే పైనుంచి ఒకరు చెప్పాలి. ఆ చెప్పేది మెదడు కాండంలో పాన్స్ అనే భాగంలోని చిన్న కేంద్రం. లండన్‌లో బారింగ్టన్ అనే సర్జన్ పిల్లుల మీద ప్రయోగాలు చేసి 1925లో దాని జాడ చెప్పాడు. అక్కడి నుంచి ఆజ్ఞ వెన్నుపాము పొడవునా దిగి, అట్టడుగున త్రికాస్థి భాగంలోని రెండు, మూడు, నాలుగో నరాల జతల దగ్గరికి చేరుతుంది. తూము తెరిచే నీరటికాడు ఊళ్లో ఉన్నాడు, తూము కట్ట కింద ఉంది, మధ్యలో దారి ఉంది.

వెన్నుపాము తెగితే ఆ దారి పోతుంది.

దెబ్బ తగిలిన మొదటి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, దెబ్బ కిందనున్న వెన్నుపాము మొద్దుబారి పడి ఉంటుంది. దాన్ని స్పైనల్ షాక్ అంటారు. ఆ రోజుల్లో మూత్రాశయం ఉత్త తోలుసంచి. నిండుతుంది, నొక్కదు. బావ విషయంలో మేం బోల్తా పడింది ఇక్కడే. ఆస్పత్రిలో వేసిన పైపు తీసి ఇంటికి పంపారు. రెండు రోజులకు లుంగీ తడవడం మొదలైంది. బొట్లుబొట్లుగా, రోజంతా. "మూత్రం వస్తుంది, ఇంక పైపు అక్కర్లేదు" అని ఇంట్లో అందరం సంతోషపడ్డాం. ఆ ఆస్పత్రిలో ఎవరైనా మాకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. పొట్ట కింద గట్టిగా ఉబ్బుగా ఉందని వారం తర్వాత స్కాన్ తీయిస్తే లోపల 900 మిల్లీలీటర్లు నిలిచి ఉంది.

పల్లెటూరి మనిషికి ఇది తెలియని విషయం కాదు. చెరువు మత్తడి దూకుతోందంటే, అలుగు పారుతోందంటే, చెరువు ఖాళీ అవుతోందని ఎవరూ అనుకోరు. నిండి, ఇక పట్టక, పైపైన పొర్లుతోందని అర్థం. లుంగీ తడుపుతున్నది ఆ పొర్లు నీరే. అడుగున ఉన్నది కదల్లేదు. మా అందరికీ చెరువు తెలుసు, మత్తడి తెలుసు, కానీ మనిషి ఒంట్లో చూసినప్పుడు పోల్చుకోలేకపోయాం.

షాక్ తగ్గాక ఇంకో చిక్కు మొదలవుతుంది. త్రికాస్థి దగ్గరి నరాలు మేలుకుంటాయి, కానీ పైనుంచి మాట రాదు కాబట్టి తమంతట తామే పని మొదలుపెడతాయి. మూత్రాశయం కొంచెం నిండగానే గోడ నొక్కుతుంది, సరిగ్గా అప్పుడే తూము కూడా బిగుసుకుంటుంది. మూసిన తూము మీద గోడ బలమంతా పడుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది, గోడ దళసరెక్కి గరుకు తేలుతుంది, మూత్రం వచ్చిన దారినే కిడ్నీల వైపు వెనక్కి ఎగబాకుతుంది. ఈ ఒత్తిడిని కొలిచే పరీక్షను యూరోడైనమిక్స్ అంటారు. కొలత సెంటీమీటర్ల నీటి మట్టంలో చెబుతారు. మట్టం 40 సెంటీమీటర్లు దాటి నిలిస్తే కిడ్నీలకు ముప్పని 1980ల నుంచి యూరాలజిస్టులు గీత గీసుకున్నారు. దెబ్బ మరీ కిందికి, నడుము అడుగు నరాల గుత్తికే తగిలితే మాత్రం మూత్రాశయం ఎప్పటికీ తోలుసంచిలాగే ఉండిపోతుంది. రెండు రకాలూ వేర్వేరు, రెండింటిలోనూ అడుగున మూత్రం నిలవడం ఒకటే.

నిలిస్తే ఏమవుతుంది? ఇక్కడ చిన్న లెక్క వేసుకుందాం. మామూలు మనిషి మూత్రం పోస్తే లోపల చెంచాడో, రెండు చెంచాలో మిగులుతుంది. మూత్రంలో సూక్ష్మజీవులు ఉన్నా దాదాపు అన్నీ కొట్టుకుపోతాయి. మిగిలిన కొద్దిపాటివీ మళ్లీ మొదటి నుంచి పెరగాలి, ఈలోగా మళ్లీ వరద వస్తుంది. అదే 400 ఉన్నచోట 100 మాత్రమే పోయి 300 నిలిస్తే, ముప్పాతిక మంది లోపలే ఉన్నారు. అనుకూలమైన చోట ఇ.కోలై 20 నిమిషాలకోసారి రెట్టింపు కాగలదు. పోయిన పావు వంతు భర్తీ కావడానికి ఒక్క పూర్తి రెట్టింపు కూడా అక్కర్లేదు. మందు వేసి చంపినా, ఆ 300 అలాగే ఉన్నంత కాలం మరో సూక్ష్మజీవికి పాక సిద్ధంగా ఉన్నట్టే.

మరో సంగతి గోడది. గోడ విపరీతంగా సాగినప్పుడు, ఒత్తిడి ఎక్కువైనప్పుడు దానిలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం తగ్గితే కాపలా తగ్గుతుంది. సూక్ష్మజీవిని ఎదుర్కోవలసిన గోడే నీరసపడిపోతుంది. ఈ ఆలోచనను పట్టుకుని వైద్యాన్నే మలుపు తిప్పినవాడు అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయ యూరాలజిస్టు జాక్ లాపిడెస్. ఆయన గొప్పతనం తెలియాలంటే అంతకుముందు ఏం జరిగేదో తెలియాలి.

సుమారు 3,600 ఏళ్ల నాటి ఈజిప్టు వైద్య పత్రం ఒకటుంది, ఎడ్విన్ స్మిత్ పపైరస్ అంటారు. మెడ ఎముక స్థానం తప్పి కాళ్లూ చేతులూ చచ్చుపడి, తెలియకుండా మూత్రం కారిపోయే మనిషి అందులో ఉన్నాడు. అది వైద్యం చేయకూడని జబ్బని రాశారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చినా ఆ తీర్పు పెద్దగా మారలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్ను విరిగిన సైనికుల్లో ఎక్కువమంది మూత్ర వ్యవస్థ ఇన్‌ఫెక్షన్లతో, పడక పుండ్లతో వారాల్లో, నెలల్లో చనిపోయారు. తూటా చంపనివాళ్లను మూత్రం చంపింది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆస్పత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టర్ ఈ రోగుల వార్డు తీసుకున్నాడు. నాజీల నుంచి తప్పించుకు వచ్చిన యూదు వైద్యుడు. పారాలింపిక్స్‌కు అంకురం వేసింది ఆయనే అని లోకానికి తెలుసు. ఆ వార్డులో గంటల లెక్కన గొట్టం వేసి మూత్రం తీసి, మళ్లీ గొట్టం తీసేసే పద్ధతిని పట్టుదలగా నడిపిందీ ఆయనే. అయితే ఆయన పద్ధతికి ఆపరేషన్ థియేటర్‌లో ఉన్నంత నిష్ఠ కావాలి. చేతి తొడుగులు, ముసుగు, మరిగించిన సామగ్రి, పక్కన డాక్టరో శిక్షణ పొందిన మనిషో ఉండాలి. ఇంట్లో అయ్యే పని కాదు.

లాపిడెస్ 1972లో అచ్చయిన వ్యాసంలో చెప్పింది ఆ రోజుల్లో చాలామంది వైద్యులకు దుస్సాహసంగా తోచింది. నిష్ఠ కాదు, వేళ ముఖ్యం అన్నాడు. సబ్బుతో చేతులు కడుక్కుని, శుభ్రమైన గొట్టంతో, రోగి తానే, వేళ తప్పకుండా ఖాళీ చేసుకుంటే చాలు. గొట్టంతో పాటు నాలుగు సూక్ష్మజీవులు లోపలికి వెళ్లినా మూత్రాశయం వాటిని తట్టుకుంటుంది, సాగిపోనివ్వకుండా చూస్తే. ఆ ఒక్క మాట లక్షలమంది పక్షవాత రోగులను మంచం నుంచి దించింది. నేటికీ చేయి పనిచేసే వెన్నుపాము రోగికి మొదట చెప్పవలసిన పద్ధతి అదే. రోజుకు నాలుగు నుంచి ఆరుసార్లు, ఏ వేళా 500 మిల్లీలీటర్లు దాటకుండా.

బావ చేసేది చాలాసార్లు దగ్గరుండి చూశాను. తలుపు దగ్గరికి వేసుకుంటాడు. ప్లాస్టిక్ మగ్గులో నీళ్లు, సబ్బు. చేతులు మోచేతుల దాకా రుద్దుకుంటాడు, కల్లుగీత చేతులు, ఇంకా కాయలు కాచే ఉన్నాయి. పద్నాలుగో నంబరు నెలటాన్ పైపు, బారెడులో సగం కూడా ఉండదు, సన్నగా, కొన దగ్గర రెండు పక్కల కన్నాలు. కొనకు జెల్లీ రాస్తాడు. ఒక చేత్తో అంగాన్ని పైకెత్తి పట్టుకుని మెల్లగా తోస్తాడు. లోపల ఒకచోట తూము అడ్డుపడుతుంది. తొయ్యడు. ఊపిరి వదులుతాడు, ఆగుతాడు, అది వదులవగానే పైపు జారుతుంది. గీతలు గీసిన సీసాలోకి ధార పడుతుంది. ధార ఆగిపోగానే తీసేయడు. అరంగుళం అరంగుళం వెనక్కి లాగుతాడు. ప్రతిసారీ ఇంకొంచెం వస్తుంది, ఎందుకంటే కన్నాలు అడుగు మట్టానికి దిగుతున్నాయి. ఆ చివరి 30, 40 మిల్లీలీటర్లే చాలామంది వదిలేసేవి. చెరువు అడుగున మిగిలే మడుగు అది. తీరిగ్గా సీసా వెలుతురుకు పట్టుకుని చదివి, నోట్‌బుక్‌లో రాస్తాడు. ఉదయం 6, 420. ఉదయం 11, 380.

ఈ పని నేర్పేవాళ్లు దొరకడమే కష్టం. దక్షిణాదిలో ఇలాంటి పునరావాసానికి పునాది వేసినవాళ్లలో డాక్టర్ మేరీ వర్గీస్ పేరు చెప్పుకోవాలి. 1954లో కారు ప్రమాదంలో ఆమె నడుము కింద చచ్చుపడింది. చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. ఆమె పూనికతో వేలూరులో 1966లో పునరావాస కేంద్రం మొదలైంది. చిత్తూరు నుంచి, అనంతపురం నుంచి, నెల్లూరు నుంచి మనవాళ్లు ఎందరో వేలూరు రైలెక్కుతారు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో ఒక నర్సుకు ఈ గంటసేపు పాఠం చెప్పడం వస్తే ఎన్ని కిడ్నీలు మిగులుతాయో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

ఎప్పటికీ ఉంచేసే పైపు సంగతి వేరు. బెలూన్ ఉన్న ఫోలీ కెథెటర్, దానికో బ్యాగ్. చేతులు పనిచేయనివాళ్లకు, మెడ దగ్గర దెబ్బ తగిలినవాళ్లకు అదే దారి కావచ్చు, దాన్ని తప్పుపట్టలేం. కానీ అది ఉన్న ప్రతి రోజూ సూక్ష్మజీవులు చేరే అవకాశం కొద్దికొద్దిగా పెరుగుతూ, నెల తిరిగేసరికి దాదాపు అందరి మూత్రంలోనూ అవి ఉంటాయి. వచ్చినవి ఊరికే తేలవు. పైపు గోడకు అంటుకుని, తమ చుట్టూ జిగురు పొర అల్లుకుని, కాలనీ కట్టుకుంటాయి. నాచు పట్టిన తొట్టిని చేత్తో రాస్తే జారే ఆ పొరలాంటిదే. లోపల దాక్కున్నవాటి దాకా మందు సరిగ్గా చేరదు. పైపు మార్చకుండా మందులు మింగితే తొట్టి కడగకుండా నీళ్లు మార్చినట్టే.

వీటిలో ఒకదాని గురించి ప్రత్యేకం చెప్పాలి. ప్రోటియస్. 1885లో దీనికి ఆ పేరు పెట్టిన జర్మన్ శాస్త్రవేత్త గుస్టావ్ హౌజర్ గ్రీకు పురాణంలోని సముద్ర దేవతను తలచుకున్నాడు. కోరిన రూపం ధరించగల దేవుడు, మన మాటలో కామరూపి. పొట్టిగా ఉన్న ఈ సూక్ష్మజీవి తడి ఉపరితలం దొరికితే పొడుగ్గా సాగి, వేల కశాభాలు మొలిపించుకుని, గుంపుగా పాకుతుంది. పైపు మీద పైకి ఎక్కడానికి దానికి అదే నిచ్చెన. అంతకన్నా ప్రమాదం, అది యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా చేస్తుంది. మూత్రం క్షారమవుతుంది, కరిగి ఉన్న మెగ్నీషియం, కాల్షియం లవణాలు గట్టిపడి పైపు కన్నాల్లో పేరుకుంటాయి. ఒకసారి బావకు తీసిన పాత పైపు కొన చూశాను. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే తెల్లటి పొక్కులాగే ఉంది, గోటితో గీరితే ఇసుకలా రాలింది. అదే లోపల రాయిగా మారితే, ఆ రాతి మడతల్లో సూక్ష్మజీవి ఏళ్ల తరబడి కాపురం చేస్తుంది. మందు ఆపిన ప్రతిసారీ కల్చర్‌లో అదే పేరు తిరిగి వస్తుంటే డోసు మార్చేకన్నా ముందు రాయి ఉందేమోనని స్కాన్ చూడాలి.

కల్చర్ అన్నాను కదా. ఈ వ్యవహారంలో ఎక్కువ నష్టం చేసింది ఆ కాగితమే అని నా అభిప్రాయం. కాగితం తప్పు కాదు, మనం దాన్ని చదివిన తీరు తప్పు.

1950ల్లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ వైద్యుడు మూత్రంలో మిల్లీలీటరుకు లక్ష సూక్ష్మజీవుల కాలనీలు ఉంటే అవి నిజంగా మూత్రంలోవే, అంతకన్నా తక్కువైతే బయటి కలుషితం కావచ్చని గీత గీశాడు. ఆయన చూసింది మామూలుగా మూత్రం పోయగల మనుషులను. ఆ గీతను పైపు వాడేవాళ్ల మీద మోపితే అర్థం మారిపోతుంది. పైపు వాడే మనిషి మూత్రంలో సూక్ష్మజీవులు ఉండటం మామూలు. పస్ సెల్స్ ఉండటం మామూలు. కొన్ని రోజులు వాసన వేయడం, మసకగా ఉండటం కూడా ఉంటుంది. జబ్బు లక్షణం ఏదీ లేకుండా కాగితం మీద మాత్రం సూక్ష్మజీవులుంటే మందులు వేయొద్దు, అసలు అందుకోసం పరీక్షే చేయించొద్దు అని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో వెన్నుపాము రోగుల గురించి ప్రత్యేకంగా రాసింది.

మాకు ఆ సంగతి తెలిసేసరికి మూడేళ్లు గడిచాయి. అప్పటిదాకా నెలకోసారి జాగ్రత్తగా టెస్ట్ చేయించేవాళ్లం. ఏదో ఒకటి వచ్చేది, ఏదో ఒక మందు వేసేవాళ్లం. ఇప్పుడు ఆ కాగితాల ఫైలు వరసగా తిరగేస్తే కళ్లు తెరుచుకుంటాయి. ప్రతి మందు పేరు ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఉంటుంది. ఎస్ అంటే మందుకు లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు. మొదటి ఏడాది కాగితాల్లో ఎస్‌లు ఎక్కువ. మూడో ఏడాదికి మాత్రలుగా మింగగలిగే మందుల ఎదుట దాదాపు అన్నీ ఆర్‌లే. మిగిలినవి ఇంజెక్షన్లు, అవి కూడా ఖరీదైనవి. జబ్బు లేని రోజుల్లో ఖర్చుపెట్టిన మందులు, జబ్బు వచ్చిన రోజున లేకుండా పోయాయి.

మూత్రాశయంలో ఉన్న ప్రతి సూక్ష్మజీవీ పగవాడు కాదనడానికి ఒక ముచ్చట. స్వీడన్‌లో ఒక బాలిక మూత్రంలో మూడేళ్లపాటు ఇ.కోలై ఒకటి ఏ హానీ చేయకుండా ఉండిపోయింది. 83972 అనే నంబరుతో దాన్ని భద్రపరిచారు. గోడకు అంటుకునే కొక్కేలు పనిచేయని రకం అది. దాన్ని కావాలనే మూత్రాశయంలోకి ఎక్కించి, చోటు ఆక్రమించనిస్తే హాని చేసేవాటికి జాగా దొరకదు కదా అని స్వీడన్‌లోనూ, అమెరికాలో హూస్టన్‌లోనూ పరిశోధకులు ప్రయత్నించారు. అది నిలబడినవాళ్లలో ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. అందరిలోనూ నిలబెట్టడం కష్టం కాబట్టి ఇంకా సాధారణ వైద్యంగా మారలేదు. ఆరోగ్యవంతుల మూత్రాశయంలో కూడా సూక్ష్మజీవులు నివాసం ఉంటాయని గత పదిహేనేళ్ల పరిశోధనలు చూపించాక, మూత్రం శుద్ధ జలమన్న పాత పాఠం ఎలాగూ పోయింది.

మరి నిజమైన ఇన్‌ఫెక్షన్‌ను ఎలా పోల్చుకోవాలి? మంట అనేది మనకు చెప్పే కబురు. బావకు మంట తెలియదు. కబురు మోసే దారే తెగిపోయింది కదా. అందుకే ఒళ్లు వేరే దారుల్లో చెబుతుంది. కాళ్లు మామూలుకన్నా ఎక్కువగా గుంజుకుంటాయి, బిగుస్తాయి. మూత్రాశయంలో చెలరేగిన అలజడి దెబ్బ కిందనున్న వెన్నుపాముకు చేరుతుంది, దాన్ని అదుపు చేసే మెదడు అందుబాటులో లేదు కాబట్టి కాళ్ల మీద తీర్చుకుంటుంది. అక్క చదివింది ఆ కబురునే. వేళ మధ్యలో కొత్తగా కారిపోవడం, కారణం లేని నీరసం, జ్వరం, చలి, నడుములో లోతు నొప్పి, ఇవీ గుర్తులే. ఇవి ఉన్నప్పుడే మూత్రం పరీక్షకు ఇవ్వాలి. అది కూడా బ్యాగ్‌లోంచి పట్టి ఇస్తే బ్యాగ్‌లో పెరిగిన సూక్ష్మజీవుల లెక్కే వస్తుంది. పాత పైపు మార్చి, కొత్త పైపులోంచి వచ్చిన మూత్రం ఇవ్వాలి, మందు మొదలుపెట్టకముందే. జ్వరమల్లా మూత్రానిదే అనుకుని వీపు మీద పడక పుండు చూడకపోవడం ఇంకో పొరపాటు.

ఛాతీ ఆరో నరాల జత దగ్గర గానీ, దానికి పైన గానీ దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో గండం ఉంది. మూత్రాశయం నిండిపోయినా, పైపు మెలిక పడినా, ఇన్‌ఫెక్షన్ ఉన్నా వాళ్ల బీపీ ఉన్నట్టుండి ఎగబాకుతుంది. తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, దెబ్బ పైభాగంలో చెమటలు. వాళ్ల మామూలు బీపీ తక్కువ, పైఅంకె 100 చుట్టుపక్కలే ఉంటుంది. 140 చూసి "కొంచెమే ఎక్కువ" అనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే కూర్చోబెట్టాలి, బట్టలు, బెల్టులు వదులు చేయాలి, పైపు చూడాలి, మూత్రాశయం ఖాళీ చేయాలి. తగ్గకపోతే క్షణం ఆగకుండా ఆస్పత్రి. ఇలాంటి దెబ్బ ఉన్నవాళ్ల ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఇది నోటికి రావాలి.

నివారణ పేరుతో అమ్మేవాటి గురించి త్వరగా చెప్పేస్తాను. క్రాన్‌బెర్రీ మాత్రల గురించి ఆస్ట్రేలియాలో 305 మంది వెన్నుపాము రోగుల మీద చేసిన పరీక్ష 2007లో అచ్చయింది. మెథెనమైన్ హిప్పురేట్ అనే మందును కూడా అందులోనే చూశారు. రెండూ వాళ్లలో ఇన్‌ఫెక్షన్లను ఆపలేదు. డీ-మానోస్ పొడి మీద బ్రిటన్‌లో దాదాపు 600 మంది మామూలు స్త్రీలతో చేసిన పరీక్ష 2024లో వచ్చింది, అదీ ఉపయోగం చూపలేదు. రోజూ చిన్న డోసు యాంటీబయాటిక్ సంగతి అంత తేలిగ్గా తీసిపారేయలేం. గొట్టంతో ఖాళీ చేసుకునే 404 మందితో బ్రిటన్‌లో చేసిన పరీక్ష 2018లో వచ్చింది. ఇన్‌ఫెక్షన్లు 48 శాతం తగ్గాయి. దాంతోపాటు మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయి. మా ఫైలులో ఆర్‌ల వరస చూసినవాణ్ని కాబట్టి నాకు రెండో వాక్యమే పెద్దగా వినిపిస్తుంది. వేరే దారి లేనివాళ్లకు డాక్టర్ ఆలోచించి రాయవలసిన మందు అది, మందుల షాపులో మనం అడిగి తెచ్చుకునేది కాదు.

బావకు నిజంగా పనిచేసినవి వేరు. యూరోడైనమిక్స్ చేయిస్తే లోపలి ఒత్తిడి గీత దాటి ఉందని తెలిసింది. గోడ బిగుతు తగ్గించే ఆక్సీబ్యుటినిన్ రాశారు. నోరెండుతుంది, మలబద్ధకం వస్తుంది, అయినా ఒత్తిడి దిగింది. అది చాలనివాళ్లకు మూత్రాశయ గోడలో బొటాక్స్ సూదులు వేస్తారు. ముఖాల ముడతలకు వాడే మందే, ఈ పనికి అమెరికాలో 2011లో అనుమతి వచ్చింది, కొన్ని నెలల పాటు గోడను శాంతపరుస్తుంది. మలబద్ధకం పట్టించుకోవడం కూడా మూత్రానికి వైద్యమే. నిండిన పెద్దపేగు మూత్రాశయాన్ని నొక్కిపెడుతుంది, ఇ.కోలై ఇల్లు కూడా అదే.

అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది నోట్‌బుక్. ఒక వేసవిలో వరసగా రెండుసార్లు జ్వరం వస్తే అక్కా నేనూ కూర్చుని పేజీలు వెనక్కి తిప్పాం. రెండుసార్లూ పెళ్లికి వెళ్లివచ్చిన మూడో రోజే. ఫంక్షన్ హాల్లో బాత్రూమ్ తలుపులోంచి చక్రాల కుర్చీ పట్టదు. అందుకని బావ పొద్దుటి నుంచి నీళ్లు తాగలేదు, మధ్యాహ్నం ఖాళీ చేసుకోలేదు, సాయంత్రం ఇంటికి వచ్చి 800 తీశాడు. ఆయన అజాగ్రత్త కాదు అది, రెండున్నర అడుగుల తలుపు అది. స్త్రీలకైతే ఇంకా కష్టం. పైపు పెట్టుకోవడానికి అద్దం కావాలి, పడుకునే చోటు కావాలి, బట్టల ఇబ్బంది, అడగడానికి సిగ్గు. చాలామంది దాహం చంపుకుని గడిపేస్తారు.

పైపుల ఖర్చు కూడా చెప్పాలి. తయారుచేసినవాళ్లు ఒక్కసారే వాడమంటారు. రోజుకు ఐదంటే నెలకు 150. బావ ఇంట్లో అంత కొనలేరు. సబ్బు నీళ్లతో లోపలా బయటా కడిగి, ధార కింద జాడించి, కొస కిందికి ఉండేలా వేలాడదీసి, పూర్తిగా ఆరాక మూత ఉన్న స్టీలు డబ్బాలో పెడతారు. గరుకు తేలినా, మసకబారినా పారేస్తారు. లాపిడెస్ రోగులు కూడా ఆ రోజుల్లో కడిగే వాడారు. కొత్తది వాడగలిగితే మంచిదే. కొనలేక రోజుకు ఐదుసార్లను మూడుసార్లకు తగ్గించుకోవడం కంటే కడిగిన పైపుతో ఐదుసార్లు తీసుకోవడం మేలు.

మొన్న దసరాకు ఊరికి వెళ్లాను. రాత్రి భోజనాల వేళ మంచం మీద బావ కాళ్లు ఉన్నట్టుండి గుంజుకోవడం మొదలైంది, మోకాళ్లు లేచి దుప్పటి కింద పడిపోయింది. నా గుండె జారింది. అక్క మందుల డబ్బా వైపు చూడలేదు. గూట్లోంచి నోట్‌బుక్ తీసింది.

"సాయంత్రం ఆరుగంటలది రాయలే. ముచ్చట్ల పడి మరిచినవ్ గదా?"

బావ తల ఊపాడు. ఆమె మగ్గు, సబ్బు తెచ్చి పెట్టి తలుపు దగ్గరికి వేసింది. నేను అరుగు మీద కూర్చున్నాను. కాసేపటికి లోపలి నుంచి బావ గొంతు, "ఆరువందల ఎనభై." అక్క నోట్‌బుక్‌లో రాసింది. నేను లోపలికి వెళ్లేసరికి కాళ్లు కదలకుండా ఉన్నాయి. అక్క దుప్పటి సర్ది, అలారం పది గంటలకు పెట్టింది.